డబ్బా మీద వాట్లు, నాయన చెవిలో పాట్లు

ముందే చెప్పేస్తున్నా, ఇది కొంచెం కోపంగా రాస్తున్న టపా. కోపం సగం స్పీకర్లు అమ్మేవాళ్ళ మీద, మిగతా సగం వాటిని కొనే మన మీద. మన అంటే సాఫ్టువేరు వాళ్ళం. ఆఫీసులో ఎవడైనా వచ్చి "మా సర్వరు సెకనుకి లక్ష రిక్వెస్టులు లాగుతుంది" అంటే ఏ మిషను మీద, ఎంతసేపు, ఎన్ని ఎర్రర్లతో అని అడిగి వాడి తోలు తీసి ఆరేస్తాం. అదే మనం సాయంత్రం షాపుకెళ్ళి, "5000 వాట్లు" అని రాసున్న అట్టపెట్టెని ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా ఆటోలో పెట్టుకుని వచ్చేస్తాం.

నేనూ అలాగే తెచ్చుకున్నా. 2006లో, బెంగుళూరు ఎస్పీ రోడ్డులో, ఉద్యోగంలో చేరిన కొత్తలో. 5.1 సెట్టు. బొమ్మల్లాంటి ఐదు చిన్న డబ్బాలు, కింద పెట్టుకోడానికి ఒక పెద్ద డబ్బా, రిమోటు, ముందర నీలం లైట్లు. కంపెనీ పేరు అనవసరం, అప్పట్లో ఆ సందులో అలాంటివి పది రకాలుండేవి, అన్నీ అన్నదమ్ముల్లాగే ఉండేవి. మా రూములో ముగ్గురం. వెనక పెట్టాల్సిన రెండు స్పీకర్లకి వెనక చోటేదీ? మంచాలున్నాయి. కాబట్టి ఐదింటినీ మానిటర్ పక్కన బల్ల మీద బొమ్మల కొలువులాగా వరసగా పెట్టాం. ఇంకా సిగ్గుపడాల్సిన సంగతేంటంటే, 5.1 సరిగ్గా పలకాలంటే కంప్యూటర్ వెనకాల ఆకుపచ్చ, నలుపు, నారింజ, మూడు జాక్‌లకి మూడు వైర్లు పెట్టాలి. మేం ఆకుపచ్చది ఒక్కటే పెట్టాం. ముగ్గురం ఇంజినీర్లమే. ఐదు స్పీకర్లలోనూ ఒకే పాట, ఒకేలాగ మోగుతుంటే "అబ్బ, సరౌండు అదిరింది రా" అనుకున్నాం. నవ్వకండి, మీ రూములో కూడా ఆకుపచ్చదే పెట్టుంటారు.

సరే, వాట్ల సంగతి. మా ఊరు సోమందేపల్లి. అటు హిందూపురం, ఇటు పెనుగొండ, మధ్యలో హైవే మీద మేము. అప్పట్లో అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. మా వైపు వాట్లంటే జనానికి బాగా తెలుసు, ఎందుకంటే బోర్లలో నీళ్ళు లేకపోయినా మోటర్లున్నాయి. 5 హెచ్‌పీ మోటరంటే 3,700 వాట్ల పైచిలుకు. దానికి త్రీ ఫేజ్ కరెంటు కావాలి, స్టార్టర్ పెట్టె కావాలి. మరి 5000 వాట్లంటే? ఆరున్నర హెచ్‌పీ దాటింది. అంటే నా టేబుల్ కింద, చెప్పుల పక్కన పెట్టుకున్న ఆ నల్ల డబ్బా మా బోరు మోటరు కంటే బలమైనదన్నమాట! అదీ మామూలు 6 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి. 230 వోల్టుల్ని 6తో గుణిస్తే 1,380 వాట్లు, ఆ సాకెట్ ఇవ్వగలిగిందే అంత. మిగతా మూడువేల ఆరువందల ఇరవై వాట్లు ఎక్కడినుంచి వచ్చాయో తెలిస్తే మన ట్రాన్స్‌కో వాళ్ళకి చెప్పండి, ఎండాకాలం కోతలుండవు.

నిజం ఎక్కడుందో తెలుసా? అదే డబ్బా వెనకాల, అడుగున, చీమతల అక్షరాల్లో. నాదాని వెనక కరెంటు వాడకం 60 వాట్లు అని ఉంది. అరవై తిని ఐదువేలు కక్కే మిషను ఉంటే ఫిజిక్సు పుస్తకాలన్నీ చించి బొరుగులు కట్టుకోవచ్చు. ఆ 60లో వేడికి పోయింది పోగా, ఆరు డబ్బాలకీ కలిపి ముప్ఫయ్యో నలభయ్యో దక్కుతుంది. ముందు వైపు అంకెకి కిటుకు పీఎంపీఓ అనే నాలుగక్షరాలు. పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్. దీన్ని ఎలా కొలవాలో చెప్పే ప్రమాణమేదీ లేదు. సెకనులో ఎన్నో వంతులోనో, వక్రీకరణ ఎంతున్నా సరే, స్పీకర్ బతికుందా చచ్చిందా చూడకుండా, నోటికొచ్చిన అంకె వేసుకోవచ్చు. అడగాల్సింది ఆర్ఎంఎస్ ఎంత అని, అంటే ఆగకుండా ఇవ్వగలిగిన పవర్. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ గోల భరించలేక 1974లోనే ఇళ్ళల్లో వాడే ఆంప్లిఫయర్లకి ఒక రూలు పెట్టింది, వాట్లు చెప్పాలంటే ఇలా కొలిచి చెప్పండి అని. 2024లో ఆ రూలుని ఇంకా బిగించింది. యాభయ్యేళ్ళ కిందట వాళ్ళు పట్టుకున్న దొంగని మనం ఇంకా డబ్బిచ్చి ఇంటికి పిలుచుకుంటున్నాం.

పోనీ వాట్లు నిజంగానే ఉన్నాయనుకుందాం. అవి చేసే పనెంత? పవర్ రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సు, చెవికి "కొంచెం పెరిగినట్టుంది" అనిపించేంత. మన చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే పవర్ పది రెట్లు కావాలి. మామూలు బల్ల మీది స్పీకర్ ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో 85 డెసిబెల్సు దాకా మోగుతుంది. అది పక్కవాడితో అరిచి మాట్లాడాల్సినంత మోత. అంటే బల్ల ముందు కూర్చుని వింటున్నప్పుడు మీరు వాడేది ఎక్కువ సేపు ఒక వాటు కూడా కాదు. మిగతాదంతా పాటలో దరువు పడ్డప్పుడు తడబడకుండా ఉండటానికి. 20 నిజమైన వాట్లున్న జత చాలు.

ఇంతవరకూ అయితే ఇది డబ్బులు పోయిన కథ. అంత మాత్రానికి ఇంత కోపం అక్కర్లేదు. అసలు సంగతి ఇక్కడ మొదలవుతుంది.

నాకు పెళ్ళయ్యాక ఆ సెట్టునీ, పాత డెస్క్‌టాప్‌నీ సోమందేపల్లికి పంపించేశా, నాయన చూసుకుంటాడని. ఆయనకి పద్యనాటకాలంటే ప్రాణం. మా వైపు కురుక్షేత్రం ఆడితే రాత్రంతా కూర్చుని, తెల్లారి టీ కూడా తాగకుండా వచ్చి మగ్గం మీద కూర్చున్న మనిషి. ఒక చేత్తో నాడె విసురుతూ రాయబారం మొత్తం అప్పజెప్పేవాడు. తర్వాత మరమగ్గాలు వచ్చాక పద్యాలు ఆగిపోయాయి, ఆ మోతలో ఆయన గొంతు ఆయనకే వినపడదు కదా. ముప్ఫయ్యేళ్ళు ఆ మోతలోనే ఉన్నాడు. ఇప్పుడు యూట్యూబులో ఆ నాటకాలన్నీ ఉన్నాయి, కంప్యూటరుంది, ఐదువేల వాట్లున్నాయి, ఇంకేం కావాలి అనుకున్నా నేను.

ఫోను చేసినప్పుడల్లా "వింటాండావా నాయనా?" అంటే "ఆ, వింటాండా" అనేవాడు. అమ్మ మాత్రం "యాడ వింటాడు, రెండు నిముషాలు పెడ్తాడు, నిలిపేస్తాడు" అనేది. వయసొచ్చింది, చెవులు మందగించాయి అనుకున్నా. పట్టించుకోలేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. లాప్‌టాపు పట్టుకుని ఊరికి చేరా. ఒక మధ్యాహ్నం నేను మిద్దెగదిలో కాల్‌లో ఉంటే, కింద నాయన నాటకం పెట్టాడు. ధడ్ ధడ్ ధడ్ అని హార్మోనియం! హార్మోనియం ధడ్ మంటుందా ఎక్కడైనా? కిందకి దిగేసరికి ఆయన స్క్రీను దగ్గరకి వంగి, నటుడి పెదాలు చూస్తున్నాడు. నన్ను చూసి అన్నాడు, "ఏందిరా ఇది, వాడు పద్యం చెప్తాండాడా, లారీ తోల్తాండాడా? రాగం తెలుస్తాది, మాట తెలీదు."

ఆ మాట దగ్గరే నేను ఆగిపోయా. రాగం తెలుస్తుంది, మాట తెలీదు. ఇంజినీరుకి ఇంతకంటే స్పష్టమైన బగ్ రిపోర్టు ఎవడిస్తాడు? అన్నేళ్ళుగా ఆయన అదే చెప్తుంటే నేను "యూజర్ ప్రాబ్లం" అని క్లోజ్ చేసుకుంటూ వచ్చా.

రోడ్లు తెరిచాక హిందూపురంలో చెవి డాక్టరుకి చూపించాం. ఆయన తీసిన గ్రాఫులో 4,000 హెర్ట్జ్ దగ్గర పెద్ద గుంట. మోతలో పనిచేసినవాళ్ళ చెవి మొదట దెబ్బతినేది అక్కడే, ఆ తర్వాత వయసు కూడా పైనుంచే కొరుక్కుంటూ వస్తుంది. కింది స్వరాలు మాత్రం శుభ్రంగా వినపడుతున్నాయి. ఇప్పుడు ఆ గుంటలో ఏం పడిపోయాయో చూడండి. మాటలో అచ్చులు కింద ఉంటాయి, బలంగా ఉంటాయి. స, శ, ష, చ, త, క లాంటి హల్లుల గుర్తులు 2,000 నుంచి 8,000 హెర్ట్జ్ మధ్యలో, చాలా బలహీనంగా ఉంటాయి. మన తెలుగులో చాలా మాటలు అచ్చుతో ముగుస్తాయి, పద్యం చదివేవాడు ఆ అచ్చునే పట్టుకుని మైలు దూరం లాగుతాడు. అది నాయనకి హాయిగా వినపడుతుంది. అదీ రాగం తెలియడమంటే. హల్లులు పోయాయి కాబట్టి మాట తెలీలేదు.

దీనికి తోడు బల్ల కింద నా ఐదువేల వాట్ల సాయం. కింది స్వరం గట్టిగా మోగితే అది పైస్వరాల్ని కప్పేస్తుంది, చెవి నిర్మాణమే అంత. మంచి చెవులున్న నాకే "రాజు" అన్నాడో "రోజు" అన్నాడో తెలీడం లేదు, ఇంక ఆయనకేం తెలుస్తుంది? అసలు ఆ సెట్టు మాటని రెండు ముక్కలు చేస్తోంది. ఆ చిన్న డబ్బాల్లో ఉండేది రెండు రెండున్నర అంగుళాల స్పీకర్, 200 హెర్ట్జ్ కిందకి అది పలకలేదు. మగవాడి గొంతుకి పునాది 85 నుంచి 180 మధ్యలో ఉంటుంది. కాబట్టి కృష్ణుడి గొంతు అడుగుభాగం బల్ల కింద, పైభాగం బల్ల మీద! ఆ కింది డబ్బా కూడా ఏదో ఒకే స్వరం దగ్గర బొంయ్ మనడమే తప్ప, మిగతావి పలకదు. తాళం, గొంతు, హార్మోనియం ఏదైనా అదే బొంయ్. దాన్నే మనం బేసు అని మురిసిపోయేది.

వెంటనే చేసిన పని, బేసు నాబ్‌ని సున్నాకి తిప్పేయడం. మూడు స్పీకర్ల వైర్లు పీకేసి రెండే ఉంచా. రేడియోలాగా పలచగా, కీచుగా మోగింది. నాయన వెనక్కి వాలి కూర్చుని, "ఇది కొంచెం మేలు" అన్నాడు. అర్థమైందా? ఆరు డబ్బాల సెట్టులో నాలుగు తీసేస్తే మేలైంది. డబ్బులిచ్చి కొన్నదాంట్లో మూడింట రెండొంతులు మాట వినపడకుండా చేయడానికే పనికొచ్చిందన్నమాట.

ఇక్కడొక పక్కదారి. చిన్నప్పుడు మా ఊరి గుడి మీదా, నాటకం స్టేజీ పక్కన కొయ్యకి కట్టీ రేకు హారన్లుండేవి. మీ ఊళ్ళోనూ ఉండే ఉంటాయి. దాని వెనకున్న ఆంప్లిఫయర్ ముప్ఫయ్యో యాభయ్యో వాట్లది, కరెంటు పోతే కారు బ్యాటరీ మీద నడిచేది. అయినా చేలో ఉన్నవాడికి కూడా ఏ పద్యమో, ఎవరు చెప్తున్నారో తెలిసేది. ఎందుకంటే ఆ హారన్ ఒక్క వాటుకే 100 డెసిబెల్సు దాటిస్తుంది. బల్ల మీది స్పీకర్‌కీ దానికీ తేడా 20 డెసిబెల్సు అనుకున్నా, అంటే నూరు రెట్ల పవరుకి సమానం. పైగా అది గొంతు పలికే మేర తప్ప కింద మోత ఏమీ పలకదు. సంగీతానికి అది చెత్త స్పీకరే, నేను కాదనడం లేదు. కానీ మాట మోసుకెళ్ళాలన్న ఒక్క పని పెట్టి తయారుచేసిన వస్తువు, ఆ పని చేసింది. నా 5.1 ఏ పని కోసం తయారైందో ఇప్పటికీ చెప్పలేను. షాపులో మోగడం కోసం అనుకుంటా.

సరే, ఇప్పుడు నా వాదన. తక్కువ డబ్బులో కంప్యూటర్‌కి స్పీకర్లు కొనాలంటే రెండే డబ్బాలున్నది కొనండి. 2.0. మూడోది వద్దు, ఆరోది అసలొద్దు. కారణం సంగీత శాస్త్రం కాదు, మూడో తరగతి భాగహారం. నాలుగువేలు పెట్టి 5.1 కొన్నారనుకోండి. అందులో షాపువాడి లాభం, రవాణా, అట్టపెట్టె, రిమోటు, ఎఫ్ఎం, పెన్‌డ్రైవు సాకెట్, డిస్కో లైట్లు పోను మిగిలిన డబ్బుని ఆరు డబ్బాలకీ, ఆరు స్పీకర్లకీ, ఆరు ఛానళ్ళ ఆంప్లిఫయర్‌కీ పంచాలి. ఒక్కో స్పీకర్‌కి వచ్చేది మసాలా దోసె డబ్బులు. అదే నాలుగువేలు రెండు డబ్బాలకి పంచితే? ఒకే బడ్జెట్టులో ఎన్ని డబ్బాలు పెరిగితే ఒక్కో డబ్బా అంత చెత్తదవుతుంది. ఇది తెలీడానికి ఇంజినీరింగ్ కూడా అక్కర్లేదు.

"కానీ సరౌండు..." అంటారు. ఏముంది మీ దగ్గర సరౌండులో? మీ దగ్గరున్న పాటలు రెండు ఛానళ్ళవి. యూట్యూబులో మీరు చూసేవి దాదాపు అన్నీ రెండు ఛానళ్ళే. తెలుగులో మొదటి 70 ఎంఎం, ఆరు ట్రాకుల సినిమా సింహాసనం వచ్చింది 1986లో. ఘంటసాల 1974లోనే పోయారు. ఆయన సినిమా పాటలన్నవి దాదాపుగా ఒకే ట్రాకు మీద రికార్డయినవి, ఒక్క గొట్టంలోంచి వచ్చిన నీళ్ళు. దాన్ని ఐదు గొట్టాల్లో పోస్తే నీళ్ళు ఐదు రెట్లవుతాయా? మాయాబజార్‌ని 2010లో రంగులేసి, డీటీఎస్ శబ్దంతో మళ్ళీ విడుదల చేశారు, దాని కోసం మనుషులు కూర్చుని పనిచేశారు. మీ డబ్బాలో "3డి" అని రాసున్న మీట ఆ పని చేయదు. గొంతుకి కాస్త ప్రతిధ్వని కలిపి బావిలో పడ్డట్టు వినిపిస్తుంది, అంతే.

నిజంగా 5.1 ట్రాకున్న సినిమాలు చూసేవాళ్ళు, పెద్ద హాలున్నవాళ్ళు, మూడు వైర్లూ పెట్టి, వెనక స్పీకర్లు వెనకే పెట్టేవాళ్ళు ఉంటారు. వాళ్ళతో నాకు పేచీ లేదు. కాకపోతే అలాంటివాళ్ళు నాలుగువేల డబ్బా కొనరు.

బేసు కావాలనే కుర్రాళ్ళకి కూడా ఒక మాట. మీరు అడిగేది తప్పు కాదు, ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ వినకపోతే సగం పాట విననట్టే. అయితే ఆ గిటార్ ఒక్కో మెట్టూ ఎక్కి దిగుతుంది, మీ డబ్బాలో ప్రతి మెట్టూ ఒకే బొంయ్. నాలుగంగుళాల వూఫరున్న మంచి చెక్క డబ్బాలో మృదంగం, డప్పు, గిటార్ వేరువేరుగా తెలుస్తాయి. అడుగున ఉండే ఉరుము రాదు, నిజమే. లేని ఉరుము కంటే దొంగ ఉరుము నాకు ఎక్కువ చికాకు.

ఇంకో జాతి ఉంది, వాళ్ళనీ వదలకూడదు. "యాభైవేల లోపు వినదగ్గవేం లేవు బాస్" అనేవాళ్ళు. మా ఆఫీసులోనే ఒకాయన స్పీకర్ వైరుకి పెట్టిన డబ్బుతో మా ఊళ్ళో ఆవుదూడ వచ్చేది. ఆ పెద్దమనుషుల మాట విని భయపడే సామాన్యుడు "ఎలాగూ మంచివి కొనలేం కదా" అని పోయి లైట్లున్న డబ్బా కొంటాడు. వాట్ల దొంగకీ, వైర్ల భక్తుడికీ తెలియకుండానే పొత్తు.

మరి ఏం కొనాలి? రెండువేల చిల్లరలో అయితే యూఎస్‌బీ కరెంటు మీదే నడిచే చిన్న జతలున్నాయి, క్రియేటివ్ పెబుల్ లాంటివి. రెండంగుళాల స్పీకరే, దాన్ని 45 డిగ్రీలు పైకి తిప్పి మొహం వైపు చూసేలా పెట్టారు. దాని వాట్లు చూస్తే మీకు నవ్వొస్తుంది. కానీ అది అబద్ధం చెప్పదు, మాట శుభ్రంగా వస్తుంది. పదివేల అటూఇటూ పెట్టగలిగితే ఎడిఫయర్ ఆర్1280టి లాంటివి. నేను కొన్నది అదే. నాలుగంగుళాల వూఫరు, పైన 13 మిల్లీమీటర్ల ట్వీటరు, పక్కన బేసుకీ ట్రెబుల్‌కీ విడివిడి నాబులు. ఆ ట్వీటరు సిల్క్ డోమ్, అంటే పట్టుబట్టతో చేసిన చిన్న గోపురం. నాయనకి ఆ సంగతి చెప్తే జాలీ ఊడదీసి వేలితో తాకబోయాడు, పట్టుకున్నా. ధర్మవరం పట్టు చీరల మధ్య బతికిన మనిషి, ఒప్పుకుంటాడా మరి. కంపెనీ పేరు అంత ముఖ్యం కాదు. ఆర్ఎంఎస్ అంకె, విడి ట్వీటరు, బరువైన చెక్క డబ్బా, ట్రెబుల్ నాబు ఉన్నాయా చూసుకోండి చాలు.

షాపుకెళ్తే వాళ్ళు పెట్టే పాట వినకండి. ఎప్పుడైనా గమనించారా, షాపువాడు పెట్టే డెమోలో మాటలుండవు! ఉన్నా ఇంగ్లీషో, మనకి అర్థం కానిదో ఉంటుంది, మాట పోయిందని తెలియకుండా. మీరు ఒక పని చేయండి. ఫోనులో మీ అమ్మ మాట ఒక నిముషం రికార్డు చేసుకెళ్ళండి. ఉగ్గాణీ ఎలా చెయ్యాలో చెప్పమనండి, పక్కింటివాళ్ళ గురించి చెప్పమనండి, ఏదైనా సరే. దాన్ని షాపులో పెట్టించండి. ప్రపంచంలో ఏ గొంతు ఎలా ఉండాలో మీకు నిశ్చయంగా తెలిసినది అదొక్కటే. ఆమె జలుబు చేసినట్టో, కుండలోంచి మాట్లాడినట్టో ఉంటే ఆ డబ్బా వద్దు. తర్వాత ఒక పాత మోనో పాట పెట్టండి. రెండు స్పీకర్లకీ సరిగ్గా మధ్యలో, గాల్లో, గాయకుడు నిలబడ్డట్టు వినపడాలి. ఏదో ఒక పక్కకి జరిగితే, చెదిరిపోతే, ఆ రెండు స్పీకర్లూ ఒక తల్లి పిల్లలు కావు.

ఇంటికి తెచ్చాక పైసా ఖర్చులేని పనులు ఇంకొన్ని ఉన్నాయి. మనవాళ్ళు ఎవరూ చేయనివి. మీకూ స్పీకర్‌కీ మధ్య దూరం సగం చేస్తే, దాని నుంచి నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్సు దాకా పెరుగుతుంది, అంటే నాలుగు రెట్ల పవర్ ఉచితంగా. వాల్యూం పెంచే ముందు డబ్బాని దగ్గరకి లాక్కోండి. ట్వీటరు చెవి ఎత్తులో ఉండాలి, కింద రెండు ఇటుకలో, పాత జావా పుస్తకాలో పెట్టండి, ఇన్నాళ్ళకి పనికొస్తాయి. మూలకి నెట్టకండి, మూల బేసుని ఉబ్బిస్తుంది. మా ఇంట్లో కింద బండలు, చుట్టూ సున్నం గోడలు, పైన మిద్దె. చప్పట్లు కొడితే గుడిలో కొట్టినట్టుంటుంది. అలాంటి గదిలో ఎంత మంచి స్పీకరైనా మాట మీద మాట పడి గజిబిజి అవుతుంది. నాయన కూర్చునే కుర్చీ వెనక గోడకి అమ్మ పాత బొంత ఒకటి వేలాడదీశా, కింద జంఖానా పరిచా. దానివల్ల వచ్చిన తేడా ఇంకో పదివేలు పెట్టినా వచ్చేది కాదు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు "సరిగ్గా వినపడ్డం లేదు" అంటే డాక్టరుకి చూపించండి, స్పీకర్ మార్చి ఊరుకోకండి. నాయనకి మిషను కూడా పెట్టించాం. నాటకం చూసేటప్పుడు మాత్రం అది తీసి పక్కన పెడతాడు, పద్యం మిషను లోంచి వినకూడదంట. ఏం చెప్తాం.

కొత్త జత బిగించిన రోజు సాయంత్రం అదే రాయబారం పెట్టా. ట్రెబుల్ కొంచెం పెంచా. ఈసారి ముందుకి వంగలేదు, పెదాలు చూడలేదు. కళ్ళు మూసుకున్నాడు. ఒక పద్యం అయ్యింది, రెండోది అయ్యింది. మూడో పద్యం మధ్యలో ఠక్కున కళ్ళు తెరిచి చెయ్యెత్తాడు. ఏదో పాడైందనుకుని పరిగెత్తా.

"వీడు తప్పు చెప్తాండాడు రా. ధ అనాల్సిన చోట ద అన్నెడు. వెనక్కి పెట్టు."

వెనక్కి పెట్టా. నాకేమీ తేడా తెలీలేదు. ఇంకోసారి పెట్టించుకుని విన్నాడు, తల అడ్డంగా ఊపాడు, మా కాలంలో అయితే ఇట్లాంటోన్ని స్టేజీ ఎక్కనిచ్చేవాళ్ళు కాదన్నాడు. తర్వాత ఆ రెండు డబ్బాల్నీ కాసేపు చూసి అడిగాడు.

"ఇది ఎన్ని వాట్లు?"

"నలభై రెండు, నాయనా. రెండిట్లోనూ కలిపి."

"అంతేనా? ముందుది అయిదువేలంటివే?"